ఎర్ర దేవదారు ఏటి ఒడ్డున

డెట్రాయిట్ నగరానికి వాయవ్యంగా సుమారు 145 కిలోమీటర్ల దూరంలో ఈస్ట్ లాన్సింగ్ అనే పట్టణం ఉన్నది. మిచిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌కు అది పొరుగూరు. 1855లో వ్యవసాయ కళాశాలగా పుట్టి, క్రమంగా మహావృక్షంలా పెరిగిన మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమే ఆ ఊరికి ప్రాణం. విశ్వవిద్యాలయ ప్రాంగణం మధ్యగా ఒక ఏరు పారుతుంది. దాని పేరు రెడ్ సీడార్. ఇరవై ఏళ్ళుగా అనువాదమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి కనుక, పేరు వినగానే నాలో నేను దానిని తెలుగు చేసుకున్నాను: ఎర్ర దేవదారు ఏరు.

2024 అక్టోబరులో డెట్రాయిట్ శివార్లలో ఉండే మా తమ్ముడి ఇంటికి నెల రోజుల కోసం వెళ్ళాను. ఆకురాలు కాలం. మేపుల్ చెట్లు కుంకుమ ఆరబోసినట్లు ఉన్నాయి. రాలిన ఆకుల మీద ఉడుతలు పరుగెత్తుతున్నాయి. మన ఉడుతలకు మూడింతలున్నాయి, వీపున రాముని చారలు మాత్రం లేవు. ఏటిలో బాతులు మనుషులను లక్ష్యపెట్టకుండా తిరుగుతున్నాయి. ఇటువంటి చోట, నేల కింద, సృష్టిలో ఇంతవరకు ఎవరూ చూడని పదార్థాన్ని తయారు చేస్తున్నారని చెబితే ముందు నమ్మబుద్ధి కాలేదు.

అది చూపిస్తానని పిలిచింది మా అక్క కూతురు. అక్కడ గణాంకశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్నది. ఆ పిలుపు వెనుక మరొక కారణం కూడా ఉన్నది. తెనాలిలో ఉండే మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఎనభై నాలుగేళ్ళ వయసు. "నీ మనవరాలు అమెరికాలో ఏం చేస్తున్నది?" అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు చెప్పలేకపోతున్నారట. "ఒక్క పేజీ చాలు, తెలుగులో వ్రాసి పంపండి. అర్థం కాకుండా చచ్చిపోవడం నాకు ఇష్టం లేదు," అని మా ఇద్దరికీ కలిపి ఆజ్ఞ జారీ చేశారు. విషయం ఆ అమ్మాయిది, తెలుగు నాది.

నిజం చెప్పాలంటే ఆ సమయంలో నాకు అనువాదం మీదనే విరక్తి పుట్టి ఉన్నది. నా సంచిలో ఒక జీవిత చరిత్ర వ్రాతప్రతి ఉన్నది. ఒక ప్రచురణ సంస్థవారు దానిని యంత్రం చేత తెలుగు చేయించి, "కాస్త మెరుగుపెట్టి ఇవ్వండి" అని నాకు పంపారు. ఇచ్చే పారితోషికం పూర్వం ఇచ్చేదానిలో మూడో వంతు. ఈ పని ముగించి, ఇక అనువాదాలకు స్వస్తి చెప్పి, ఎక్కడైనా ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుందామని నిశ్చయించుకునే విమానమెక్కాను.

"మావయ్యా, ముందు ఒక పటం చూడాలి," అంటూ ప్రయోగశాల గోడ మీది చిత్రం ముందు నిలబెట్టింది మా మేనకోడలు.

ఆ ప్రయోగశాల పేరు ఫ్యాసిలిటీ ఫర్ రేర్ ఐసోటోప్ బీమ్స్. నాలుగు పొడి అక్షరాలు కలిపి ఎఫ్రిబ్ అంటారు. అరుదైన ఐసోటోపుల పుంజాలను తయారుచేసే కర్మాగారమని చెప్పుకోవచ్చు. అమెరికా ఇంధన శాఖ ఈ విశ్వవిద్యాలయాన్ని 2008లో ఎంపిక చేసింది. సుమారు 73 కోట్ల డాలర్ల ఖర్చుతో నిర్మాణం సాగి, 2022 మే 2న ప్రారంభోత్సవం జరిగింది. అంతకు పూర్వం అర్ధ శతాబ్దానికి పైగా ఇక్కడ సైక్లోట్రాన్ ప్రయోగశాల ఉండేది. ప్రపంచంలో మొట్టమొదటి అతివాహక సైక్లోట్రాన్ పనిచేసింది ఇక్కడే, 1982లో. ఈ మాత్రం చరిత్ర గలదు కనుకనే కొత్త యంత్రం ఈ చిన్న ఊరికి దక్కింది.

గోడ మీది పటం వింతగా ఉన్నది. మన భౌగోళిక పటంలో అక్షాంశ రేఖాంశాల వలె, ఇందులో నిలువుగా ప్రోటాన్ల సంఖ్య, అడ్డంగా న్యూట్రాన్ల సంఖ్య. ప్రతి గడి ఒక పరమాణు కేంద్రకం. చిన్న చిన్న నల్లని గడులు ఒక ఇరుకైన గట్టులాగా, కొంచెం వంగి, పైకి పోతున్నాయి. అవి చిరకాలం చెదరకుండా ఉండే కేంద్రకాలు, సుమారు 250. వాటి చుట్టూ రంగురంగుల గడులు, పుట్టి కొంతకాలానికి మారిపోయేవి. అన్నీ కలిపి మనిషి ఇంతవరకు చూసినవి సుమారు 3,300. వాటికి ఆవల, కుడివైపున, విశాలమైన ఖాళీ స్థలం.

"ఆ ఖాళీలో ఏముంది?" అని అడిగాను.

"అదే మావయ్యా మా పని. అక్కడ ఇంకా నాలుగు వేలకు పైగా ఉండవచ్చునని మా లెక్క. మొత్తం 7,700 పైచిలుకు ఉండాలి. సగానికి పైగా ఎవరూ చూడలేదు."

కేంద్రకానికి న్యూట్రాన్లను ఒక్కొక్కటిగా చేరుస్తూ పోతే, ఒక దశలో ఇక పట్టదు. నిండిన కుండలో ఇంకొక చెంబెడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? నిలవవు, ఒలికిపోతాయి. అలా ఒలికిపోయే అంచును ఇంగ్లీషులో డ్రిప్ లైన్ అంటారు. శాస్త్ర పరిభాషలో బిందురేఖ అనవచ్చును గాని, నాన్నగారి కోసం నేను "ఒలుకు గీత" అని వ్రాసుకున్నాను. అమ్మాయి ఆ మాట విని రెండు సార్లు పలికి చూసుకున్నది.

ఒలుకు గీత ఎక్కడున్నదో ప్రయోగపూర్వకంగా నిశ్చయించింది చాలా కొద్ది మేరకే. జపాన్‌లోని రికెన్ సంస్థలో జరిగిన ప్రయోగాల ఫలితంగా 2019 నాటికి ఫ్లోరిన్, నియాన్ మూలకాల దాకా తేలింది. అంటే మూలకాల పట్టికలో మొదటి పది. మిగిలినదంతా ఊహ, గణితం.

"ఇంత శ్రమ ఎందుకమ్మా? పుట్టీ పుట్టకముందే పోయే ఈ కేంద్రకాలతో లోకానికి ఏం పని?" అన్నాను. సాహిత్య విద్యార్థిని, అటువంటి ప్రశ్న అడగడానికి నాకు సిగ్గు లేదు.

ఆమె నా ఉంగరం వైపు చూపించింది. ఇనుము కన్నా బరువైన మూలకాలలో దాదాపు సగం ఈ ఖాళీ ప్రదేశం గుండా ప్రయాణించి పుట్టినవేనట. న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు కేంద్రకాలు న్యూట్రాన్లను గబగబ మింగి, ఒలుకు గీత సమీపానికి పోయి, అక్కడి నుంచి మెట్లు దిగినట్లు మారుతూ బంగారంగా, ప్లాటినంగా స్థిరపడతాయి. 2017 ఆగస్టు 17న అటువంటి ఢీని భూమి మీది పరికరాలు మొదటిసారి పసిగట్టాయి. ఆ మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలంటే ఈ కేంద్రకాల ద్రవ్యరాశులు తెలియాలి. మన ఆడపడుచుల మెడలోని మంగళసూత్రం ఏ దారిన వచ్చిందో చెప్పే పటం అన్నమాట.

ప్రయోగం జరిగే వేళ సొరంగంలోనికి ఎవరినీ పోనివ్వరు. మేము నిలిచిన నేలకు సుమారు పది మీటర్ల దిగువన ఆ త్వరణ యంత్రం ఉన్నది. స్థలం చాలక, కాగితాలు పట్టి ఉంచే క్లిప్పు మాదిరిగా మూడు మడతలు పెట్టి అమర్చారు. నియోబియం లోహంతో చేసిన కుహరాలను ద్రవ హీలియంలో సున్నాకు దిగువ 270 డిగ్రీల ప్రాంతానికి చల్లబరచి, విద్యుత్తు నిరోధం లేకుండా పనిచేయిస్తారు. యురేనియం వంటి బరువైన పరమాణువులను సైతం కాంతివేగంలో సగం దాకా పరుగెత్తించి, లక్ష్యంగా ఉంచిన పలుచని పదార్థాన్ని ఢీకొట్టిస్తారు. ముక్కలైన కేంద్రకాలలో కావలసినవాటిని అయస్కాంతాలు జల్లెడ పడతాయి. ఆ మొదటి సంవత్సరమే కాల్షియం పుంజాన్ని బెరిలియం మీద ప్రయోగించి, అంతవరకు తెలియని ఐదు అర్ధాయువులను కొలిచారు. 2024లో థూలియం, ఇటర్బియం, లుటీషియం మూలకాలకు చెందిన ఐదు కొత్త ఐసోటోపులను కనుగొన్నట్లు ప్రకటించారు.

"ఇంత గొప్ప యంత్రం ఉండగా ఇక కంప్యూటరు ఎందుకు?"

"ఈ యంత్రం కూడా అన్నిటినీ అందుకోలేదు. అందుకోగలిగినవాటిలోనైనా, ముందు దేని కోసం వెతకాలో తెలియాలి కదా?" అన్నది.

విశ్వవిద్యాలయంవారి పాల దుకాణంలో ఐస్‌క్రీం ప్రసిద్ధి. చలికి వణుకుతూనే అది తింటూ ఏటి ఒడ్డున బల్ల మీద కూర్చున్నాము. ఆ రోజు నేను నేర్చుకున్న అసలు పాఠం అక్కడ జరిగింది.

కేంద్రకాన్ని తూచడానికి సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. 1935లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వైజ్‌సాకర్ దానిని ఒక ద్రవబిందువుగా భావించి సూత్రం కట్టాడు. 1949లో మరియా గెప్పర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా, 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల దగ్గర కేంద్రకాలు ఎందుకంత గట్టిగా ఉంటాయో వివరించారు; 1963లో నోబెల్ బహుమానం పొందారు. నేటి సిద్ధాంతాలు మరింత సూక్ష్మమైనవి. సీసం 208ని విడగొట్టి అన్ని కణాలనూ వేరు చేయాలంటే 1,636 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. మంచి సిద్ధాంతాలు ఇటువంటి లెక్కలో తప్పేది సగటున అర నుంచి ఒకటి మాత్రమే.

"అయితే ఇంక బాధ ఏముంది?"

"అంచు దగ్గర ఆ అర కూడా ఎక్కువే మావయ్యా. చివరి న్యూట్రాన్ నిలుస్తుందా, ఒలుకుతుందా అనేది రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది. లక్ష రూపాయల వ్యాపారంలో పది రూపాయలు లాభమా, నష్టమా అన్నట్లు. లెక్కలో పాతిక రూపాయలు తప్పితే సమాధానమే తలకిందులవుతుంది."

ఇక్కడే యంత్రాభ్యాసం ప్రవేశిస్తుంది. మెషీన్ లెర్నింగ్ అనే మాటకు నేను పెట్టుకున్న తెలుగు ఇది. 1990ల ఆరంభంలోనే సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లార్క్ బృందంవారు కృత్రిమ నాడీజాలాలకు కేంద్రకాల పట్టికను నేర్పి చూశారు. ఆ తరువాత కంప్యూటర్లు పెరిగాయి, పద్ధతులు మారాయి. నేడు చాలామంది సిద్ధాంతాన్ని తోసివేసి యంత్రాన్నే నమ్ముకోవడం లేదు. సిద్ధాంతం ఎక్కడ, ఎంత తప్పుతున్నదో యంత్రానికి నేర్పుతున్నారు.

"మన రైతుబజారులో కాటా ఉంటుంది కదా," అని మొదలుపెట్టింది. "అది బరువైన బస్తాకు కొంచెం ఎక్కువ, తేలికైన దానికి కొంచెం తక్కువ చూపుతుందనుకో. నిజమైన తూకం తెలిసిన బస్తాలను కొన్ని పెట్టి చూస్తే, ఆ కాటా బుద్ధి తెలిసిపోతుంది. తరువాత తెలియని బస్తా పెట్టినా, ఇంత తీసివేయాలి అని సవరించుకోవచ్చు. సిద్ధాంతం కాటా. కొలిచిన ద్రవ్యరాశులు సుమారు 2,500 ఉన్నాయి. అవి తూకం తెలిసిన బస్తాలు. యంత్రం నేర్చుకునేది కాటా బుద్ధిని."

"మరి నూరు కిలోల దాకానే పరీక్షించి, ఐదు వందల కిలోల బస్తా పెడితే?"

ఆమె ముఖం వికసించింది. "తాతయ్య కూడా ఇదే అడిగేవారు. మా పద్ధతిలో ముఖ్యమైన సంగతి అదే."

ఈ పద్ధతికి ఆధారం పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల మతగురువు థామస్ బేయిస్ ఆలోచన. ఆయన వ్యాసం ఆయన మరణానంతరం, 1763లో వెలువడింది. ఒక విషయం మీద మనకున్న నమ్మకాన్ని, కొత్త సాక్ష్యం వచ్చినప్పుడల్లా ఎంత మేరకు సవరించుకోవాలో చెప్పే లెక్క అది. దానిని పాటించే యంత్రం జవాబుతో పాటు, ఆ జవాబు మీద తనకెంత అనుమానమున్నదో కూడా చెబుతుంది. తెలిసిన కేంద్రకాలకు దగ్గరగా ఉంటే అనుమానం సన్నని గీత. దూరం పోయేకొద్దీ అది ఏటి పాయలా వెడల్పవుతుంది. పైగా ఒక్క సిద్ధాంతాన్నే నమ్మదు. పలు సిద్ధాంతాలను పంచాయితీలో పెద్దమనుషుల వలె కూర్చోబెట్టి, తెలిసిన సంగతులలో ఎవరు ఎంత నిజం చెప్పారో చూసి, ఆ మేరకు వారి మాటకు విలువ కడుతుంది.

పరీక్ష కూడా నిజాయితీగా ఉన్నది. 2018లో ఈ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన పనిలో, 2003 నాటి పట్టికను మాత్రమే యంత్రానికి నేర్పి, ఆ తరువాత కొలిచిన కేంద్రకాలను దాచి ఉంచి, వాటి గురించి అడిగారు. పరీక్ష రాసే పిల్లవాడికి జవాబుల పుస్తకం ముందుగా చూపించలేదన్నమాట.

"ఒక ఉదాహరణ చెప్పమ్మా. నాన్నగారికి ఉదాహరణ లేనిదే రుచించదు."

"తాతయ్య తమలపాకుకు రాసుకునే సున్నంలో కాల్షియం ఉంది కదా? అందులో 20 ప్రోటాన్లు. సాధారణంగా న్యూట్రాన్లూ 20. కలిపి కాల్షియం 40. దీనికి న్యూట్రాన్లను చేరుస్తూ పోయారు. 2018లో జపాన్‌లో కాల్షియం 60ని చూశారు. దాని తరువాత? 2019లో ఇక్కడివారు యంత్రాన్ని అడిగారు. కాల్షియం 61 నిలిచే అవకాశం నూటికి 46 అన్నది. కాల్షియం 68 నిలిచే అవకాశం నూటికి 76 అన్నది."

నేను ఐస్‌క్రీం కప్పు పక్కన పెట్టాను. "అదెలాగ? దగ్గరున్న 61 నిలవకపోవచ్చు గాని, అంత దూరాన ఉన్న 68 నిలుస్తుందా?"

"న్యూట్రాన్లకు జంటగా ఉండడం ఇష్టం. 61లో న్యూట్రాన్లు 41, చివరిది ఒంటరి. దానిని పట్టి ఉంచే తోడు లేదు. 68లో 48 న్యూట్రాన్లు. అందరికీ జత ఉంది. ఒలుకు గీత తిన్నని గీత కాదు మావయ్యా, రంపపు పళ్ళలా ఉంటుంది."

ఆమె చెప్పిన భౌతికశాస్త్రం కన్నా నన్ను పట్టుకున్నది ఆ 46. యాభైకి కూడా చేరని సంఖ్య. నిలవదేమో అని మొగ్గుతూనే, నిలవవచ్చు కూడానని ఒప్పుకునే సంఖ్య. ఒక యంత్రం ఇంత వినయంగా మాట్లాడగలదని నేననుకోలేదు.

సంచిలో నుంచి ఆ వ్రాతప్రతి తీసి ఆమెకు చూపించాను. మూలంలో కథానాయకుడికి ఒక సిస్టర్ ఉన్నది. ఇంగ్లీషుకు అక్క, చెల్లెలు అనే భేదం అక్కరలేదు. మనకు ఆ భేదం లేకుండా ఒక్క వాక్యం నడవదు. యంత్రం ఏ సంకోచమూ లేకుండా "చెల్లెలు" అని వ్రాసింది. వాక్యం ఎంతో సొంపుగా ఉన్నది. నలభై పేజీల తరువాత ఆమె తమ్ముడి కన్నా ఆరేళ్ళు పెద్దదని తేలింది. ఈ మధ్యలో ఆ "చెల్లెలు" తల్లి లేని ఇంటిని నడిపింది, తమ్ముణ్ణి చదివించింది. అక్క చేసిన త్యాగమంతా చెల్లెలి ఖాతాలో పడింది. తప్పు చేసినందుకు నాకు కోపం లేదు, నేనూ చేసేవాణ్ణే. అనుమానపడిన జాడ ఎక్కడా లేకపోవడమే నన్ను కలచివేసింది.

మేనకోడలు ఆ పేజీలు రెండు మూడు తిరగేసింది. "ఈ యంత్రం లోపల కూడా సంఖ్యలే ఉంటాయి మావయ్యా. చెల్లెలికి ఇంత, అక్కకు ఇంత అని అది లెక్క వేసే ఉంటుంది. ఆ లెక్క నీకు చూపించమని ఎవరూ దానిని అడగలేదు. మా దగ్గర అడగకుండా ప్రచురిస్తే పత్రికవారు వెనక్కు పంపిస్తారు," అన్నది.

ఎండ వాలుతున్నది. ఏటి మీదికి ఆకులు రాలి, నెమ్మదిగా కొట్టుకుపోతున్నాయి. ఇరవై ఏళ్ళలో నేనే ఎన్ని చోట్ల, తెలియక, అనుమానం అణచిపెట్టి, నునుపైన వాక్యం ఒకటి వ్రాసి గట్టెక్కానో గుర్తుకు రాసాగింది. పాఠకుడికి తెలియదు కదా అన్న ధీమా. యంత్రాన్ని నిందించడానికి ముందు నా సంగతి చూసుకోవలసి ఉన్నది.

ఆ రాత్రి ఆమె గదిలో కూర్చుని నాన్నగారికి పేజీ వ్రాశాము. కుండ, ఒలుకు గీత, కాటా, పంచాయితీ, సున్నం అన్నీ పెట్టాము. మర్నాడు ఫోను మోగింది.

"బాగా వ్రాశారు," అన్నారు నాన్నగారు. ఆయన నోట ఈ మాట రావడం అరుదు. "కాని ఒక్క ప్రశ్న. నూటికి డెబ్బై ఆరు అన్నారు. మిగిలిన ఇరవై నాలుగు సంగతి ఎవరు తేలుస్తారు?"

"మేము కాదు తాతయ్యా," అన్నది ఆమె. "అంచు దాకా పోయి చూసే యంత్రాలు తేల్చాలి. మా కాళ్ళ కింద ఒకటి ఉంది. 2022లో ఒక్క కిలోవాట్ శక్తితో మొదలైంది. నాలుగు వందల దాకా మెల్లమెల్లగా పెంచుతారు. మా 76 తప్పని తేలినా సరే, యంత్రానికి ఆ సంగతి నేర్పి మళ్ళీ లెక్క వేస్తాము."

కొంచెంసేపు అటు నుంచి మాట లేదు. తమలపాకు నములుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. "తప్పని తేలినా సరే అన్నావు చూడు, అది చాలమ్మా. ఆ మాట చేర్చి మళ్ళీ పంపండి," అన్నారు.

తమ్ముడి ఇంటికి తిరిగి వచ్చి వ్రాతప్రతి ముందు కూర్చున్నాను. మూడు రోజుల పని పన్నెండు రోజులు పట్టింది. మూలంతో పోల్చుతూ ప్రతి పేజీ చదివాను. చెల్లెలిని అక్కగా మార్చాను. ఒక అంకుల్ దగ్గర మాత్రం ఆగిపోయాను. పెదనాన్నా, బాబాయా, మేనమామా అన్నది పుస్తకంలో ఎక్కడా లేదు. ఇదివరకైతే "బాబాయి" అని వ్రాసి ముందుకు పోయేవాణ్ణి. ఈసారి అంచున పెన్సిలుతో, "మూలంలో తెలియదు; రచయితను అడగవలెను" అని వ్రాశాను. అటువంటి గుర్తులు మొత్తం పదిహేడు వచ్చాయి.

ప్రచురణ సంస్థవారికి పంపుతూ, ఇకముందు ఈ పద్ధతిలోనైతేనే పనిచేస్తానని, అందుకు తగిన పారితోషికం ఇవ్వవలసి ఉంటుందని వ్రాశాను. వారు ఒప్పుకోకపోవచ్చు. అవకాశం నూటికి 46 అనుకుంటున్నాను.